లంబాడీ కుట్టుపని దుస్తులు

లంబాడీ కుట్టుపని దుస్తులు అనగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మొదలగు రాష్ట్రాలలోని తండాలలో నివసించే లంబాడీ స్త్రీలు తమ చేతులతో కుట్టి ధరించే సంప్రదాయ వస్త్రాలు. అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు, రంగుదారాలు, ఉన్ని కుచ్చులతో నిండిన ఈ దుస్తులలో ముఖ్యమైనవి మూడు: ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలమీది మేలిముసుగు). తెలంగాణలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిసరాలలో లంబాడీ తండాలు అధికంగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో కొన్ని తరాల క్రితం వరకు నిత్యం ధరించే దుస్తులుగా ఉన్న ఇవి నేడు ఎక్కువగా వృద్ధ స్త్రీల ఒంటిమీద, పండుగలలో, పెళ్ళిళ్ళలో, నృత్య ప్రదర్శనలలో మాత్రమే కనిపిస్తున్నాయి. చేతితో కుట్టిన పాత దుస్తులు ఇళ్ళలో పెట్టెల నుండి వ్యాపారుల చేతులలోకి, అక్కడి నుండి దేశవిదేశాల సేకరణలలోకి చేరుతున్నాయి.

సముదాయం, పేర్లు

ఈ దుస్తులను తయారు చేసుకొనే వారిని తెలంగాణలో లంబాడీలు అనీ, రాయలసీమలో సుగాలీలు అనీ, కర్ణాటకలో లంబాణీలు అనీ, ఉత్తర భారతదేశంలోను, మహారాష్ట్రలోను బంజారాలు అనీ పిలుస్తారు. వారు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు. వారి భాష గోర్ బోలి ఇండో-ఆర్య భాషా కుటుంబానికి చెందినది. రాజస్థానీ భాషలతో దీనికి దగ్గర సంబంధం కలదు. ఈ భాషకు స్వంత లిపి లేదు. తెలుగు నేలమీద దీనిని తెలుగు లిపిలోను, మహారాష్ట్రలో దేవనాగరి లిపిలోను రాస్తారు. అందువలన దుస్తుల పేర్లు, కుట్ల పేర్లు ప్రాంతాన్ని బట్టి, పలికేవారిని బట్టి కొంత మారుతూ ఉంటాయి.

లంబాడీ, లంబాణీ అనే పేర్లు ఉప్పు అనే అర్థంగల లవణ శబ్దం నుండి వచ్చాయని ఒక అభిప్రాయం. బంజారా అనే పేరు వర్తకం అనే అర్థంగల వణిజ శబ్దం నుండి వచ్చిందని కొందరు, అడవిలో తిరిగేవారు అనే అర్థంగల వనచర శబ్దం నుండి వచ్చిందని మరికొందరు చెబుతారు.

2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో లంబాడీల జనాభా 20 లక్షలకు పైగా ఉంది. రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగలలో వీరే అత్యధికులు. తెలంగాణ ప్రాంతంలోని లంబాడీలను 1976లో చేసిన సవరణ చట్టం ద్వారా షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. ఇదే సముదాయం కర్ణాటకలో షెడ్యూల్డ్ కులాల జాబితాలోను, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలోను ఉన్నది.

చారిత్రక నేపథ్యం

లంబాడీలు ఎద్దులమీద సరుకులు మోసే సంచార వర్తకులు. ధాన్యం, ఉప్పు మొదలగు వాటిని గోనెలలో నింపి, వందలాది ఎద్దుల మందలతో ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి చేరవేసేవారు. 17వ శతాబ్దంలో దక్కనుపై దండెత్తిన మొగలు సైన్యాలకు ధాన్యం అందించినవారిలో వీరు ఉన్నారు. తరువాతి కాలంలో నిజాం, మరాఠా, బ్రిటిషు సైన్యాలకు కూడా వీరు సరుకు రవాణా చేశారు.

ఈ సంచార జీవితానికీ, దుస్తులకూ దగ్గర సంబంధం ఉన్నది. ఇల్లు, గిడ్డంగి లేని కుటుంబానికి ఆస్తి అంతా ఎద్దుల వీపుమీద, స్త్రీల ఒంటిమీద ఉండవలసినదే. కనుక వెండి నాణేలు, గవ్వలు, పూసలు దుస్తులకు అలంకారం మాత్రమే కాక దాచుకొన్న ధనం కూడా అయినవి. అలాగే ప్రయాణంలో చిరిగిన బట్టను పారవేయక, దానిమీద మరొక ముక్క వేసి కుట్టి బలపరచడం అవసరమయింది. లంబాడీ కుట్టుపనిలో అతుకుపనికి, పొరలు కలిపి కుట్టే పనికి గల ప్రాధాన్యానికి ఇది ఒక కారణంగా భావిస్తారు.

19వ శతాబ్దంలో రహదారులు, రైళ్ళు రావడం, ఉప్పుపై బ్రిటిషు ప్రభుత్వం గుత్తాధిపత్యం నెలకొల్పడం వలన ఎద్దులమీద జరిగే వర్తకం దెబ్బతిన్నది. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వేసిన రైలు మార్గాన్ని 1889 నాటికి బెజవాడ వరకు పొడిగించారు. జీవనాధారం పోయిన లంబాడీలు పశుపోషణ, వ్యవసాయం, కూలిపని వైపు మళ్ళి, ఊళ్ళకు దూరంగా గుట్టల పక్కన, అడవి అంచులలో తండాలు కట్టుకొని స్థిరపడ్డారు. ఇదే కాలంలో బ్రిటిషు పాలిత ప్రాంతాలలోని కొన్ని బంజారా సమూహాలపై 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని ప్రయోగించారు. ఈ చట్టాన్ని స్వతంత్ర భారతదేశంలో 1952లో రద్దు చేశారు.

20వ శతాబ్దపు తొలినాళ్ళలో వెలువడిన కుల, తెగల గ్రంథాలలో లంబాడీ స్త్రీల దుస్తుల వర్ణనలు కనిపిస్తాయి. వాటిలో ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారతదేశపు కులాలు, తెగల సంపుటాలు, సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో నిజాం రాజ్యపు కులాలు, తెగల గురించి ప్రచురించిన గ్రంథం ముఖ్యమైనవి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

ఈ మూడు పట్టణాలు పూర్వపు నల్గొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట కొత్త జిల్లా కేంద్రమయింది. కోదాడ ఈ జిల్లాలోకి చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిమీద ఉన్నాయి. మిర్యాలగూడ ధాన్యం మిల్లులకు ప్రసిద్ధి.

సూర్యాపేట వైపు చివ్వెంల, మోతె మండలాలలోను, కోదాడ - హుజూర్‌నగర్ వైపు మఠంపల్లి, పాలకీడు, చింతలపాలెం మండలాలలోను, మిర్యాలగూడ వైపు దామరచర్ల, అడవిదేవులపల్లి, త్రిపురారం మండలాలలోను తండాలు ఉన్నాయి. నల్గొండ జిల్లాకు పడమటి వైపున గల దేవరకొండ ప్రాంతంలో కూడా లంబాడీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 500 మందికి పైగా జనాభా గల తండాలను ప్రత్యేక గ్రామ పంచాయతీలుగా ఏర్పాటు చేశారు.

ఈ ప్రాంతపు జీవితాన్ని బాగా మార్చినది నాగార్జునసాగర్ ప్రాజెక్టు. 1955లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు నుండి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. మెట్ట పంటలు, పశువుల మేపు మీద ఆధారపడిన కుటుంబాలలో అనేకం నాట్లు, కోతల కూలిపనిలోకి వచ్చాయి. దుస్తులమీద దీని ప్రభావం గురించి క్రింద చూడవచ్చు.

దుస్తులలోని భాగాలు

ఫేటియా: నడుము నుండి చీలమండల వరకు ఉండే కుచ్చుల లంగా ఇది. పూర్వం ముతక నూలు బట్టతో, ఎక్కువగా ఎరుపు రంగులో కుట్టేవారు. నడుము దగ్గర వెడల్పైన పట్టీ ఉంటుంది. కుట్టుపనిలో అత్యంత దట్టమైన భాగాలలో ఇది ఒకటి. పట్టీకి కింద బట్టను మడతలుగా కూర్చి కుడతారు. అడుగు అంచుకు వేరే రంగు బట్ట పట్టీలను వరుసలుగా అతికి బలపరుస్తారు. నేలకు రాసుకొని ముందుగా చిరిగేది ఈ అంచే కనుక, పాతబడినప్పుడు దీనిని మాత్రం విప్పి కొత్తది వేసుకొనే వీలుంటుంది.

కాంచళి: ఇది ముందు భాగాన్ని కప్పుతూ, వీపు వైపు తెరచి ఉండి, దారాలతో ముడివేసుకొనే రవిక. వేరువేరు రంగుల బట్ట ముక్కలను కలిపి దీనిని తయారు చేస్తారు. రొమ్ము భాగంలోను, పొట్టమీదికి జారే భాగంలోను, చేతులమీద అద్దాలు, కుట్టుపని నిండుగా ఉంటాయి. అంచులకు గవ్వలు, పూసలు, తెల్లలోహపు బిళ్ళలు, చిన్న గంటలు వేలాడదీస్తారు. దుస్తులన్నింటిలో ధరించినవారి వయస్సును, వైవాహిక స్థితిని ఎక్కువగా తెలిపేది కాంచళియే.

టుక్రి: తలమీద నుండి వీపు మీదుగా వేలాడే మేలిముసుగు. బట్ట ముక్కలను అతికి, అంచులలో అద్దాలు కుట్టి తయారుచేస్తారు. నుదుటి మీదికి వచ్చే భాగానికి ఘూంగ్టో అనే కుట్టుపని పట్టీని కలుపుతారు. ఈ పట్టీలో నాణేలు, అద్దాలు బరువుగా ఉండడం వలన ముసుగు గాలికి జారిపోక తలమీద నిలుస్తుంది. పెద్దల ఎదుట ముఖాన్ని కొంత కప్పుకొనడానికి కూడా ఇది పనికివస్తుంది.

పురుషుల దుస్తులు సాదాగా ఉంటాయి. ధోవతి, అంగీ, తలపాగా వీరి సంప్రదాయ వస్త్రాలు. అయితే పెళ్ళికొడుకు చేతి సంచులు, వక్క, ఆకు, డబ్బు పెట్టుకొనే చిన్న సంచులమీద స్త్రీలు కుట్టుపని చేసి ఇచ్చేవారు.

ఆభరణాలు, వైవాహిక చిహ్నాలు

దుస్తులను ఆభరణాల నుండి వేరుచేసి చూడడం కష్టం. వివాహిత స్త్రీలు చెంపల పక్కన జుట్టుకు ఘుగ్రి, టోప్లి అనే వేలాడే వెండి ఆభరణాలను కట్టుకుంటారు. ముక్కుకు భూరియా, మెడకు హాస్లి, కాళ్ళకు కడియాలు ధరిస్తారు. మోచేతికి పైన, కింద వరుసలుగా తొడిగే తెల్లని గాజులను బలియా అంటారు. ఇవి పూర్వం దంతంతోను, ఎముకతోను చేసినవి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ ద్వారా దంతపు వ్యాపారాన్ని నిషేధించారు. నేడు కనిపించే బలియాలు సాధారణంగా ప్లాస్టిక్‌వి.

పెళ్ళికాని పిల్లలు ఘుగ్రి, టోప్లి ధరించరు. భర్త మరణించిన స్త్రీ వీటిని తీసివేసి, అద్దాలు, అలంకారాలు తక్కువగా గల సాదా రవికకు మారుతుంది. ఈ విధంగా తండాలోని ఒక స్త్రీని దూరం నుండి చూసి ఆమె కుటుంబ స్థితిని గుర్తించడానికి వీలుండేది. ఇందులోనే ఆచారపు కాఠిన్యం కూడా కనిపిస్తుంది. ఒక స్త్రీ యౌవనంలో ఏళ్ళ తరబడి కుట్టుకొన్న కాంచళి వైధవ్యం వచ్చిన రోజు నుండి పెట్టెలోకి పోయేది.

ఇంటి వస్తువులు

కుట్టుపని దుస్తులకే పరిమితం కాలేదు. తలమీద బిందె నిలపడానికి వాడే చుట్టకుదురును గణో అంటారు. దీనిని బట్టతోను, గవ్వలతోను గట్టిగా కుడతారు. దీని వెనుక జడమీదికి వేలాడే చదరపు కుట్టుపని ముక్కను ఫులియా గణో అంటారు. డబ్బు, వక్కలు పెట్టుకొనే సంచిని కోత్ళో అంటారు. వీటితోపాటు భుజానికి తగిలించుకొనే సంచులు, శుభకార్యాలలో పళ్ళెంమీద కప్పే చదరపు గుడ్డలు, ఎద్దుల కొమ్ములకు, నుదుటికి, వీపుకు వేసే అలంకార వస్త్రాలు కూడా కుట్టేవారు. ఎద్దుల వర్తకం పోయిన తరువాత ఎద్దుల అలంకారాలు అన్నింటికంటే ముందు అరుదైనవి.

ముడి పదార్థాలు

బట్ట: పాత దుస్తులలో చేనేత ముతక నూలు బట్ట ఉంటుంది. ఎరుపు రంగు చిరివేరు, మంజిష్ఠ జాతి వేళ్ళ నుండి, నీలం రంగు నీలిమందు నుండి వచ్చేవి. యూరపులో ఎరుపునిచ్చే కృత్రిమ అలిజరిన్ 1869లోను, కృత్రిమ నీలిమందు 1897లోను తయారై మార్కెట్టులోకి వచ్చిన తరువాత భారతదేశంలో కూడా సహజ రంగుల వాడకం తగ్గిపోయింది.

అద్దాలు: పలుచని గాజు బుడగను ఊది, దాని లోపల లోహపు పూత పోసి, పగులగొట్టి చేసే చిన్న ముక్కలివి. గుజరాత్‌లోని కపడ్వంజ్ ఈ తయారీకి పేరుపొందిన స్థలం. బుడగ నుండి వచ్చినవి కనుక పాత అద్దాలు కొద్దిగా వంపు తిరిగి, మందంలో తేడాలతో ఉంటాయి. నేడు వాడేవి యంత్రంతో సమానంగా కోసిన అద్దాలు, ప్లాస్టిక్ బిళ్ళలు.

గవ్వలు: మాల్దీవుల నుండి వచ్చే గవ్వలు భారతదేశంలో 19వ శతాబ్దం వరకు చిల్లర నాణెంగా చెలామణి అయినవి. వర్తకులైన లంబాడీలకు ఇవి సుపరిచితమైనవి. నాణెంగా విలువ పోయిన తరువాత కూడా శుభచిహ్నంగా, దిష్టి తగలకుండా కాపాడేవిగా దుస్తులమీద నిలిచాయి.

నాణేలు: నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలు, బ్రిటిషు ఇండియా రూపాయలు, అర్ధరూపాయలు, స్వాతంత్ర్యం తరువాతి పైసలు దుస్తులమీద కనిపిస్తాయి. వీటికి రంధ్రం చేసి గాని, కొక్కెం అతికి గాని కుడతారు.

కుట్టు పద్ధతులు

బట్టమీద ముందుగా బొమ్మ గీసుకోవడం సంప్రదాయంలో లేదు. బట్ట నేతలోని పోగులను లెక్కించుకుంటూ, కంటి అంచనాతో కుడతారు. అందువలన నమూనాలు ఎక్కువగా చతురస్రాలు, త్రికోణాలు, వజ్రాకారాలు, గళ్ళు, వంకర గీతలు, వృత్తాల రూపంలో ఉంటాయి. మనుషులు, జంతువుల బొమ్మలు అరుదు. గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు అద్దాల పనిలో పూలు, నెమళ్ళు, తీగలు ఎక్కువగా కనిపించగా, లంబాడీ పనిలో జ్యామితి రూపాలు, గవ్వలు, నాణేలు, అతుకుపని ప్రధానం. మార్కెట్టులో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు.

అద్దం కుట్టే విధానం ఈ క్రింది విధంగా ఉంటుంది. అద్దానికి రంధ్రం ఉండదు, జిగురు వాడరు. మొదట అద్దం మీదుగా అడ్డంగా రెండు, నిలువుగా రెండు దారాలు లాగి, మధ్యలో చదరపు చట్రం వచ్చేటట్లు బట్టకు బిగిస్తారు. తరువాత సూదిని ఈ చట్రం కిందుగా పోనిచ్చి, అద్దం అంచు వెంట బట్టలోకి దించి, ముడి పడేటట్లు లాగుతూ చుట్టూ కుడతారు. ప్రతి కుట్టూ చట్రాన్ని కొంచెం వెలుపలికి లాగుతుంది. చుట్టు పూర్తయ్యే సరికి చదరపు చట్రం గుండ్రని వలయంగా మారి అద్దాన్ని పట్టి ఉంచుతుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం జారిపోతుంది, మరీ బిగువైతే బట్ట ముడుచుకుపోతుంది.

కుట్లకు గోర్ బోలిలో ప్రత్యేకమైన పేర్లున్నాయి. కర్ణాటకలోని సండూరు ప్రాంతపు పనిలో 14 రకాల కుట్లను గుర్తించారు. వీటిలో కిలన్, వేలె, బక్య, మాకి, సూర్యకాంతి మాకి, కాన్స్, తేరా దోరా, కౌడి, రేలో, పోటే మొదలగునవి కలవు. కౌడి అనగా గవ్వ. తేరా దోరా అనగా 13 దారాలు అని అర్థం. బట్టల పొరలను కలిపి వరుస కుట్లతో దళసరిగా చేయడం, రంగుబట్ట ముక్కలను కోసి మరొక బట్టమీద అతికి కుట్టడం కూడా ఈ కళలో భాగాలు.

నేర్చుకొనే విధానం, సందర్భాలు

కుట్టుపనిని ఆడపిల్లలు తల్లి, అవ్వల దగ్గర చూసి నేర్చుకొనేవారు. మొదట సంచి, కుదురు వంటి చిన్న వస్తువులు కుట్టి, తరువాత కాంచళికి వచ్చేవారు. పొలంపని, పశువుల పని, ఇంటిపని పోగా మిగిలిన సమయంలోనే ఈ పని సాగేది కనుక ఒక జత పూర్తికావడానికి నెలలు, కొన్ని సందర్భాలలో సంవత్సరాలు పట్టేది. పెళ్ళినాటికి సిద్ధం చేసిన దుస్తులు కూతురితోపాటు అత్తవారి తండాకు వెళ్ళేవి. పుట్టింటిని విడిచిపెట్టేటప్పుడు పెళ్ళికూతురు తల్లిని, తోటివారిని పట్టుకొని ఏడుస్తూ పాడే పాటలను ఢావ్లో అంటారు.

హోళీ, తీజ్, శీత్లా భవాని పండుగ, ఫిబ్రవరి 15న జరిపే సేవాలాల్ మహారాజ్ జయంతి ఈ దుస్తులు ఎక్కువగా కనిపించే సందర్భాలు. శ్రావణ మాసంలో 9 రోజులపాటు జరిగే తీజ్‌లో పెళ్ళికాని పిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి, చివరి రోజు నీటిలో నిమజ్జనం చేస్తారు. తండా వలస వెళ్ళినవారిని తిరిగి పిలుచుకొనే పండుగ ఇది.

వాడకం తగ్గడానికి కారణాలు

సంప్రదాయ దుస్తుల స్థానంలో చీర, ఆ తరువాత ఇతర దుస్తులు రావడానికి అనేక కారణాలు కలవు.

వృత్తి మార్పు: అద్దాలు, నాణేలు, గాజులతో కూడిన పూర్తి వేషం కొన్ని కిలోల బరువు ఉంటుంది. మెట్ట చేలకు, పశువుల వెంట నడకకు ఇది అలవాటైనది. కాని మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే పనికి కుచ్చుల ఫేటియా అనుకూలం కాదు. తడిసిన దళసరి బట్ట తొందరగా ఆరదు.

ఖర్చు: అద్దాలు, గవ్వలు, దారాలు కొనుక్కోవలసినవే. కూలికి వెళ్తే ఆనాడే డబ్బు వస్తుంది. నెలల తరబడి కుట్టే పనికి ఆ విధమైన ప్రతిఫలం లేదు. సూర్యాపేట, కోదాడ వంటి పట్టణాల అంగళ్ళలో చవకగా దొరికే చీర ముందు చేతికుట్టు దుస్తులు నిలువలేకపోయాయి.

చదువు, వలస: బడికి వెళ్ళే పిల్లలకు పగటిపూట కుట్టు నేర్చుకొనే సమయం తగ్గింది. హైదరాబాదు వంటి నగరాలకు కూలికి, ఉద్యోగాలకు వెళ్ళినవారు ఈ దుస్తులు వదిలివేశారు.

చిన్నచూపు: దుస్తులను బట్టి మనిషిని వెంటనే గుర్తించగలగడం తండాలో గౌరవానికి సంబంధించినదైతే, బస్సులోను, కచేరీలోను, బడిలోను అదే హేళనకు కారణమయింది. నేరస్థ తెగల చట్టం వేసిన ముద్ర చట్టం రద్దయిన తరువాత కూడా సమాజపు చూపులో కొంతకాలం మిగిలింది. తమ పిల్లలు ఆ చూపుకు గురికాకూడదని తల్లులు చీరకు మారడం ఒక ముఖ్యమైన కారణం. అందువలన ఈ దుస్తులు కనుమరుగు కావడాన్ని కేవలం ఒక కళ నశించడంగా చూడడం సరికాదు. వదులుకొన్నవారికి అందులో కొంత విడుదల కూడా ఉన్నది.

పాత దుస్తుల వ్యాపారం

1970ల నుండి జానపద వస్త్రాలపై నగరాలలోను, విదేశాలలోను ఆసక్తి పెరిగింది. దీనితో తండాలలోని పాత దుస్తులకు కొనుగోలుదారులు ఏర్పడ్డారు. కరవు, పెళ్ళి, వైద్యం వంటి అవసరాలు వచ్చినప్పుడు వెండి తరువాత దుస్తులు కూడా అమ్ముడుపోయాయి. ఈ వ్యాపారంలో ప్రధానంగా మూడు సమస్యలు కనిపిస్తాయి.

మొదటిది ధర. ఏళ్ళ శ్రమతో తయారైన వస్త్రానికి తండాలో దొరికే మొత్తానికీ, నగరపు దుకాణంలో దాని ధరకూ మధ్య పెద్ద అంతరం ఉంటుంది.

రెండవది ముక్కలు చేయడం. ఫేటియా నడుము పట్టీని, కాంచళి రొమ్ము భాగాన్ని, ఘూంగ్టోను విడివిడిగా కోసి చేతిసంచులు, దిండు గలీబులు, గోడకు తగిలించే పటాలుగా కుట్టి అమ్ముతారు. కోసిన తరువాత అది ఏ వస్త్రంలో ఏ భాగమో, ధరించినది వివాహితయో, వృద్ధురాలో తెలిసే ఆధారం పోతుంది.

మూడవది పేరు పోవడం. ఏ తండా, ఎవరు కుట్టారు, ఏ పెళ్ళికి అనే వివరాలు వస్త్రంతోపాటు ప్రయాణించవు. సేకరణలలో ఇవి ఎక్కువగా బంజారా వస్త్రం, దక్షిణ భారతదేశం అనే స్థూలమైన గుర్తింపుతోనే ఉంటాయి. కుట్టినవారి కుటుంబంలో వస్త్రం ఉండదు, వస్త్రం ఉన్నచోట కుట్టినవారి జాడ ఉండదు.

పాత వస్త్రాలను గుర్తించుట

కింది లక్షణాల ఆధారంగా ఒక వస్త్రపు కాలాన్ని సుమారుగా అంచనా వేయవచ్చును.

నాణేలు: వస్త్రం మీద ఉన్న నాణేలలో అన్నింటికంటే కొత్తది ఆ వస్త్రపు ప్రస్తుత రూపానికి తొలి హద్దును తెలుపుతుంది. ఉదాహరణకు దశాంశ పద్ధతిలోని నయా పైసలు 1957 ఏప్రిల్ 1 నుండి చెలామణిలోకి వచ్చాయి. నయా అనే మాటను 1964లో తొలగించారు. అయితే పాత వస్త్రానికి తరువాత కొత్త నాణేలు కుట్టడం, కొత్త వస్త్రానికి అవ్వ నాణేలు వాడడం కూడా సాధారణం కనుక నాణెం ఒక్కటే నిర్ధారణకు చాలదు.

బట్ట: చేనేత నూలు బట్ట, ఆ తరువాత మిల్లు బట్ట, ఆ తరువాత పాలిస్టరు వంటి కృత్రిమ బట్టలు అనే క్రమం సాధారణంగా కనిపిస్తుంది. ఒకే వస్త్రంలో ఈ మూడూ ఉంటే అది అనేక మార్లు బాగుచేయబడినదని అర్థం.

దారం: నూలు దారానికి మెరుపు తక్కువ. కృత్రిమ ఉన్ని కుచ్చులు, మెరిసే కృత్రిమ దారాలు తరువాతి కాలానివి.

వెనుక వైపు: చేతికుట్టులో వెనుక వైపు దారాల ముడులు, దాటువేతలు అసమానంగా కనిపిస్తాయి. యంత్రపు కుట్టు రెండు వైపులా ఒకే విధంగా ఉంటుంది. నేడు నృత్య ప్రదర్శనల కొరకు అమ్మే వేషాలలో అద్దాలను యంత్రంతో కుట్టడం గాని, జిగురుతో అతకడం గాని జరుగుతున్నది.

పునరుద్ధరణ ప్రయత్నాలు

ఈ కుట్టుపనిని జీవనోపాధిగా నిలబెట్టిన ప్రయత్నాలలో కర్ణాటకలోని బళ్ళారి ప్రాంతానికి చెందిన సండూరు కుశల కళా కేంద్రం ప్రసిద్ధమైనది. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 జులైలో హంపిలో జరిగిన జి-20 సాంస్కృతిక బృందపు సమావేశం సందర్భంగా ఈ కేంద్రానికి చెందిన 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు తయారుచేసిన 1,755 వస్తువులను ప్రదర్శించగా, అది గిన్నిస్ రికార్డులకెక్కింది.

తమిళనాడులోని ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో లంబాడీ స్త్రీలు సంప్రదాయ దుస్తులను దాదాపుగా విడిచిపెట్టారు. కుట్టుపని తెలిసినవారు కొద్దిమంది వృద్ధులు మాత్రమే మిగిలిన స్థితిలో, 2000ల దశకంలో వారి దగ్గర తరువాతి తరం స్త్రీలు నేర్చుకొని పోర్గై అనే సంఘంగా ఏర్పడ్డారు. పోర్గై అనగా వారి భాషలో గర్వం అని అర్థం. కళ ఒక తరంపాటు ఆగిపోయిన చోట కూడా నేర్పేవారు బ్రతికి ఉన్నంతవరకు దానిని తిరిగి అందుకొనవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

తెలంగాణలో లంబాడీల దుస్తులు, ఆభరణాలను హైదరాబాదు మాసాబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన ప్రదర్శనశాలలో చూడవచ్చు. కెనడాకు చెందిన షార్లట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ 2016లో బంజారా వస్త్రాలపై సచిత్ర గ్రంథాన్ని ప్రచురించారు. భారతదేశంలోని వివిధ ప్రాంతాల బంజారా కుట్టుపనిలోని తేడాలు అందులో వివరించబడ్డాయి.

పునరుద్ధరణ పొందిన పని సాధారణంగా సంచులు, దిండు గలీబులు, కుర్తాలు, దుపట్టాల రూపంలో ఉంటుంది. ఇందులో కుట్టు నిలుస్తుంది, ఆదాయం వస్తుంది. కాని వస్త్రాన్ని కోసి కుట్టే రీతి, ఏ వయస్సువారికి ఏది తగును అనే తెలివిడి, భాగాల పేర్లు వీటితో నిలువవు. అవి పూర్తి ఫేటియా, కాంచళి కుట్టగలిగినవారి జ్ఞాపకంలోనే ఉన్నవి.

భద్రపరచుట

ఇళ్ళలో మిగిలి ఉన్న పాత దుస్తులను కాపాడుకొనడానికి కొన్ని సామాన్యమైన జాగ్రత్తలు ఉపయోగపడతాయి. పాత ఎరుపు, నీలం రంగులు నీటిలో కరిగి పక్కనున్న రంగులలోకి పాకవచ్చును కనుక వాటిని ఉతకకూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం మేలు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచితే తేమ చేరి బూజు పడుతుంది, నాణేలు, లోహపు బిళ్ళలకు చిలుము పట్టి బట్ట తినివేయబడుతుంది. ఉతికిన తెల్లని నూలు బట్టలో చుట్టి, మడతల మధ్య గుడ్డ చుట్టలు పెట్టి, సంవత్సరానికి కొన్నిసార్లు నీడలో ఆరబెట్టి మడతలు మార్చాలి. అద్దాలు, గవ్వలు బరువైనవి కనుక కొక్కేనికి వేలాడదీయక పరచి ఉంచాలి. వస్త్రంతోపాటు కుట్టినవారి పేరు, తండా పేరు, సందర్భం, భాగాల పేర్లను కాగితంపై రాసి పెట్టినట్లయితే, అమ్మకం వలన గాని, వారసత్వం వలన గాని చేతులు మారినప్పుడు కూడా ఆ సమాచారం నిలిచి ఉంటుంది.